అవులస్ కాప్రియస్ ఇంటి పేర్లవాడు

నికెఫోర్‌కి ఆ పేరు పెట్టింది డీలోస్ దీవిలో అతన్ని అమ్మిన వర్తకుడు. విజయం తెచ్చేవాడని దాని అర్థం. అప్పటికి అతనికి ఏడేళ్లు. ఆ రోజు రేవులో దిగిన పిల్లల్లో ముగ్గురు నికెఫోర్లు ఉన్నారు. వర్తకుడికి ఓపిక తక్కువ, పేర్లు వెతుక్కునే తీరిక అంతకన్నా తక్కువ.

రోమ్‌లో కాప్రియస్ వారింట అతని పని పేర్లు చెప్పడం. అందరూ అతన్ని పేర్లవాడనే పిలిచేవారు. దొర వీధిలోకి వెళ్తే ఎడమ భుజం వెనక అరడుగు దూరంలో నడవాలి. ఎదురుగా ఎవరైనా వస్తుంటే, ఆ మనిషి నోరు తెరిచేలోపే అతని పేరు దొర చెవిలో పడాలి. ఇంకెవరికీ వినపడకూడదు. అప్పుడు దొర చేతులు చాచి, "మార్కస్! నువ్వా! మీ అమ్మాయి పెళ్లి బాగా జరిగిందా?" అంటాడు. ఆ మనిషి పొంగిపోతాడు. ఆ పొంగిపోవడాన్ని చూసే తీరిక నికెఫోర్‌కి ఉండదు. అప్పటికే అతని చూపు ఆ వెనక వచ్చే ముఖం మీద ఉంటుంది.

ఈ విద్య నేర్పింది ఫిలో అనే ముసలాడు. మెట్ల కింద చీకటి గదిలో కూర్చోబెట్టి వల్లె వేయించేవాడు. ముందు సొంత పేరు, తర్వాత వంశం పేరు, చివర తగిలించిన పేరు. స్ట్రాబో అంటే మెల్లకన్నువాడు, కాల్వస్ అంటే బట్టతలవాడు, నాసో అంటే పెద్దముక్కువాడు, బాల్బస్ అంటే నత్తివాడు. ఇదేదో సులువుగానే ఉందే అనుకున్నాడు పిల్లవాడు. మర్నాడు నగరం నడిబొడ్డున ఉన్న ఫోరం మైదానంలో చూస్తే కాల్వస్‌కి నుదురు కప్పేసేంత జుట్టు. బట్టతల అతని ముత్తాతది. స్ట్రాబో కళ్లు గద్ద కళ్లలా సూటిగా ఉన్నాయి. ముసలాడు చెవి మెలిపెట్టి, "పేరు చూసి మనిషిని వెతక్కురా వెధవా! మనిషిని చూసి పేరు వెతుకు," అన్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు. "ఎవడితోనూ స్నేహం పెట్టుకోకు. పెట్టుకుంటే వాడి పేరు చెప్పేటప్పుడు నీ గొంతు మారుతుంది. దొర చెవికి అది తెలిసిపోతుంది. ఆ తర్వాత వాడికేదైనా మేలు జరిగితే నువ్వు లంచం తిన్నావనుకుంటాడు."

నికెఫోర్ ఆ మాట పట్టుకుని ముప్ఫై ఏళ్లు గడిపాడు. వంటింట్లో నలుగురూ కూర్చుని నవ్వుకుంటుంటే తన గిన్నె తీసుకుని మెట్ల కిందికి పోయేవాడు. ఉన్ని వడికే క్రెస్తే అనే పిల్ల ఒక చలికాలమంతా అతని కోసం రొట్టె ముక్క దాచి ఉంచేది. వసంతం వచ్చేసరికి దొర ఆమెను పెళ్లైన కూతురితో పాటు కాపువా పంపేశాడు. పొమ్మని చెప్పిన రోజు క్రెస్తే మెట్ల దగ్గరకు వచ్చి, "ఏమైనా చెప్తావా?" అని అడిగింది. నికెఫోర్‌కి రోమ్‌లో ఎనిమిది వేల మంది పేర్లు తెలుసు. ఆమెకు చెప్పడానికి మాత్రం ఒక్క మాట దొరకలేదు. "దారిలో జాగ్రత్త," అన్నాడు.

దొర పురపాలక పదవికి పోటీ చేసిన ఏడు, ఎండాకాలంలో, ఫోరం అంతా ఊళ్ల నుంచి ఓటు వేయడానికి వచ్చినవాళ్లతో కిటకిటలాడుతోంది. పోటీ చేసేవాళ్లు చుట్టుకునే, సుద్ద రాసిన తెల్లటి టోగా వస్త్రంలో దొర ముందు నడుస్తున్నాడు. నికెఫోర్ అప్పటికి మూడు గంటలుగా ఆగకుండా పేర్లు అందిస్తున్నాడు. గొంతు ఎండిపోయింది. జనంలోంచి ఒక మనిషి తిన్నగా వాళ్ల వైపే వచ్చాడు. యాభై దాటిన వయసు, కొండ ప్రాంతం వాళ్లు పెట్టుకునే ఉన్ని టోపీ, కళ్లలో ఏదో ఆశ. నికెఫోర్ మనసులో వెతికాడు. ఏమీ దొరకలేదు. ఖాళీ.

దొర మెడ కొంచెం ఎడమకి వంచాడు. ఇంక ఆలస్యం చేయడానికి లేదు. నికెఫోర్ నోటికొచ్చిన పేరు అనేశాడు. "తీతస్ అలీడియస్. సోరా ఊరు." ఊరు మాత్రం టోపీని బట్టి చెప్పాడు.

"అలీడియస్!" అంటూ దొర ఆ మనిషి రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఎంత కాలమైందయ్యా చూసి! సోరాలో అంతా బావున్నారా?"

ఆ మనిషి నోరు తెరిచాడు. దొర ముఖంలోకి చూశాడు, ఆ వెనక నిలబడ్డ నికెఫోర్ ముఖంలోకి చూశాడు. తెరిచిన నోరు మెల్లగా మూసుకుంది. తర్వాత నవ్వాడు.

"బావున్నారు దొరా," అన్నాడు.

మర్నాడు తెల్లవారేసరికి అతను కాప్రియస్ వారి గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. దొరకు పొద్దున్నే దణ్ణం పెట్టుకోవడానికి రోజూ వచ్చే నలభై మందిలో చివర. తలుపు దగ్గరి కాపలావాడు, "ఎవరయ్యా నువ్వు?" అని అడిగితే ఆ మనిషి టోపీ సవరించుకుని, "అలీడియస్," అన్నాడు.

లోపల నికెఫోర్ ఆ మాట విన్నాడు. అతనికి తెలుసు, అది ఆ మనిషి పేరు కాదని. ఆ మనిషికి తెలుసు, నికెఫోర్‌కి తెలుసని. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఒకరోజు గడిచాక ఎత్తడం కష్టమైంది. ఏడాది గడిచాక ఇంక ఎత్తే ప్రశ్నే లేదు.

పదకొండేళ్లు వచ్చాడతను. వానైనా, చలైనా, జ్వరమైనా. రాను రాను అందరికన్నా ముందే వచ్చి గుమ్మం పక్కన రాతి అరుగు మీద కూర్చునేవాడు. నికెఫోర్ తలుపు తీసి ఎవరెవరు వచ్చారో చూసుకునే వేళకు ఇంకా ఎవరూ ఉండేవారు కాదు. అలా వాళ్లిద్దరి మధ్యా నాలుగు మాటలు నడిచేవి.

"ఇవాళ నదిలో నీళ్లు పెరిగాయట," అనేవాడు అతను.

"అలాగా అయ్యా?"

"వంతెన మీంచి చూసొచ్చాను. చెట్లు కొట్టుకొస్తున్నాయి."

అంతే. తర్వాత మిగతావాళ్లు వచ్చేవారు, నికెఫోర్ తన పనిలో పడేవాడు. కానీ ఆ మనిషి రావడం ఎప్పుడైనా కాస్త ఆలస్యమైతే నికెఫోర్ రెండుసార్లు తలుపు తీసి చూసేవాడు. తనకి ఇలా ఎందుకవుతోందో అతను ఆలోచించుకోలేదు. ఫిలో బతికి ఉంటే చెవి మెలిపెట్టి చెప్పేవాడు.

అతను రావడం మొదలైన పన్నెండో ఏట దొరకు కాళ్లు వాచాయి. పొట్ట ఉబ్బింది. వైద్యుడు వచ్చిపోతున్నాడు గానీ ముఖం చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. దొర వీలునామా రాయించడం మొదలుపెట్టాడు. మైనపు పలకల మీద లేఖకుడు రెండు రోజులు రాశాడు. రెండో రోజు మధ్యాహ్నం ఇంటి పెత్తనం చూసే ఫౌస్తస్ నికెఫోర్‌ని పెరట్లోకి లాక్కుపోయాడు.

"ఏరా పేర్లవాడా, నాకు మంచి ద్రాక్షసారా ఎప్పుడు పోయిస్తున్నావ్?"

"దేనికి?"

"మూడో వరసలో నీ పేరుంది. నా కళ్లతో చూశాను. దొర పోగానే నువ్వు బానిసవి కావు. ఏమిట్రా అలా నిలబడ్డావ్? నవ్వరా! నవ్వడం కూడా మర్చిపోయావా?"

నికెఫోర్ బావి గట్టు మీద కూర్చున్నాడు. స్వేచ్ఛ దొరికితే ఏం చేయాలో అతనెప్పుడూ అనుకోలేదు. మొదట మనసుకి వచ్చింది ఒక్కటే. ఆ రాతి అరుగు మీద తను కూడా కూర్చోవచ్చు, ఎంతసేపైనా.

సాయంత్రం దొర పిలిచాడు. మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. "రేపు ఉదయం ఏడుగురు సాక్షులు కావాలి. ఆరుగురికి కబురు వెళ్లింది. ఏడోవాడు ఆ సోరా అలీడియస్. నవ్వకు ఫౌస్తస్! పేదవాడైతేనేం? పదకొండేళ్లు ఒక్క పొద్దు తప్పలేదు. ఆ ఆరుగురిలో ఎవడు వచ్చాడలా? నికెఫోర్, నువ్వే వెళ్లి పిలుచుకురా."

సాక్షి అంటే వీలునామా మీద తన ముద్ర వేసి, పక్కన తన చేత్తో తన పేరు రాయాలి. నికెఫోర్ ఇరవై ఏళ్లు న్యాయస్థానాల్లో దొర వెనక నిలబడ్డాడు. లేని పేరుతో ముద్ర వేస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. వీలునామా చెల్లదు. వేసినవాణ్ణి దేశం నుంచి వెళ్లగొడతారు.

ఆ మనిషి సుబూరా వీధిలో ఉంటాడని మాత్రం ఎప్పుడో మాటల్లో విన్నాడు. అక్కడికి వెళ్లి అలీడియస్ ఇల్లెక్కడని నలుగుర్ని అడిగాడు. ఎవరికీ తెలియదు. చివరికి ఉడికించిన సెనగలు అమ్మే ఆవిడ దగ్గర ఆగి, సోరా మనిషి, ఉన్ని టోపీ పెట్టుకుంటాడు, ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు అని చెప్పాడు.

"బొంతలు కుట్టే ముసలాయనా? కుర్తీలియస్ అని చెప్పవేం! నాలుగో అంతస్తు. చూసుకుని ఎక్కు, మూడో మలుపులో మెట్టు లేదు."

కుర్తీలియస్. నికెఫోర్ ఆ పేరు మనసులో అనుకుంటూ మెట్లెక్కాడు.

గది ఇరుకు. నేల నిండా పాత గుడ్డ పేలికలు, వాటి మధ్య సగం అతికిన బొంత. ముసలాయన సూది పక్కన పెట్టి గబగబా లేచాడు. ఎవరూ రాని గదిలోకి ఒక మనిషి వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక కంగారు పడ్డాడు. విషయం విన్నాక అతని ముఖం వెలిగిపోయింది.

"నన్నా? దొర నన్ను పిలిచాడా? సాక్షిగానా?"

"అవునయ్యా. అందుకే అడుగుతున్నాను. మీ పేరు..."

ఆ వెలుగు ఆరిపోయింది. ముసలాయన పేలికల మీద కూలబడ్డాడు.

"నుమేరియస్ కుర్తీలియస్," అన్నాడు మెల్లగా. "ఆ రోజే చెప్దామనుకున్నాను తమ్ముడూ. నోటిదాకా వచ్చింది. నా ఆడమనిషి పోయి అప్పటికి ఆర్నెల్లు. పొలం అమ్మేసి ఈ ఊరొచ్చాను. ఆ ఆర్నెల్లలో ఒక్కడు నా చెయ్యి పట్టుకోలేదు. అంత పెద్దాయన రెండు చేతులూ పట్టుకుని నవ్వుతున్నాడు. కాదండీ, నేను వేరే ఎవణ్ణో అంటే ఆ చేతులు వదిలేస్తాడు కదా అనిపించింది."

"తప్పు నాది. గుర్తు రాక నోటికొచ్చింది చెప్పాను."

"గుర్తు రావడానికి నన్నెప్పుడు చూశావని?" ముసలాయన నవ్వబోయాడు. "రేపు రానులే. ఒంట్లో బాలేదని చెప్పు."

"దొర వైద్యుణ్ణి పంపిస్తాడు."

"అయితే ఊరు వదిలి పోయానని చెప్పు. ఇంక ఆ గుమ్మం ముందుకి రాను." కిటికీలోంచి ఎదురింటి గోడ తప్ప ఏమీ కనిపించదు. ముసలాయన ఆ గోడకేసి చూస్తూ, తనలో తనే అనుకున్నట్టు, "మరి పొద్దున్నే ఎక్కడికి పోవాలి?" అన్నాడు.

ముసలాయన పక్కన పెట్టిన సూదిని నికెఫోర్ తీసి బొంతకు గుచ్చాడు. తర్వాత, "మీరు రండయ్యా. మీ ముద్ర ఉంగరం తెచ్చుకోండి. మీ పేరే రాయండి. మిగతాది నేను చూసుకుంటాను. నేను ఏం చెప్పినా మీరు మాత్రం మాట్లాడకండి," అన్నాడు.

మర్నాడు సాక్షులు ముందు గదిలో చేరుతుండగా నికెఫోర్ దొర మంచం దగ్గర మోకరిల్లాడు. చెప్పాల్సింది రాత్రే కూర్చుకున్నాడు. మొదటి రోజు తను పేరు తప్పు చెప్పాడనీ, ఆ మనిషి రెండుసార్లు సరిదిద్దాడనీ, తిట్టు తినాల్సి వస్తుందని భయపడి తనే దాచాడనీ, దొర పిలిచిన పేరు కాదనడం మర్యాద కాదని ఆ పెద్దమనిషి ఇన్నాళ్లూ ఓర్చుకున్నాడనీ చెప్పాడు. అందులో మొదటి ముక్క తప్ప అంతా అబద్ధం.

దొర ముఖం తెల్లబడింది. "పదకొండేళ్లు!" అన్నాడు. "పదకొండేళ్లు నలుగురి ముందూ నన్ను వెర్రివాణ్ణి చేశావన్నమాట. వాడు ఇంటికెళ్లి నవ్వుకుని ఉంటాడు!"

"లేదు దొరా. ఆయన నవ్వే మనిషి కాదు."

"ఇంకెంతమందికి ఇలా పేర్లు పెట్టావ్?"

"ఈ ఒక్కరికే దొరా."

"నేనెలా నమ్మేది?"

పేర్లవాణ్ణి నమ్మినంత కాలమే వాడికి విలువ. ఒకసారి అనుమానం పుట్టిందా, వాడు చెప్పిన ప్రతి పేరూ వెనక్కి తిరిగి చూసుకోవలసిందే. దొర కళ్లలో ఆ వెనక్కి చూసుకోవడం మొదలైంది. ఫోరంలో పట్టుకున్న చేతులు, అడిగిన క్షేమాలు, అన్నీ.

దొర లేఖకుడికేసి తిరిగాడు. "మూడో వరస."

లేఖకుడు కుంపట్లో పెట్టిన చిన్న ఇనప రేకు తీశాడు. వేడి రేకు మైనం మీద ఒకసారి అటు నుంచి ఇటు జరిగింది. చుయ్‌మని చిన్న చప్పుడు. ఆ వరస ఉన్నచోట ఇప్పుడు నున్నగా, పసుపుపచ్చగా మెరుస్తోంది.

"లోపలికి పిలువు," అన్నాడు దొర. "ఒక్కొక్కర్నీ పేరు చెప్పి పిలువు. ఇదే ఆఖరు."

నికెఫోర్ గుమ్మంలో నిలబడి ఏడుగుర్నీ పిలిచాడు. గొంతు ఎక్కడా మారలేదు. ఏడోవాడి దగ్గరకొచ్చేసరికి, "సోరా ఊరి నుమేరియస్ కుర్తీలియస్," అన్నాడు. ముసలాయన ఉతికిన టోగాలో, ఈడుస్తున్న కాలితో లోపలికొచ్చాడు. దొర దిండ్ల మీంచి చెయ్యి చాచి, "రా కుర్తీలియస్. మా పేర్లవాడు నీకు చాలా అన్యాయం చేశాడయ్యా," అన్నాడు. ముసలాయన కళ్లు నిండిపోయాయి. ఆ చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు. ముద్ర వేశాడు. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు రాశాడు. బయటికి వెళ్లేటప్పుడు నికెఫోర్ వైపు చూడలేదు.

వారంలోపే నికెఫోర్‌ని రెయాటె ఊరి దగ్గరి దొర తోటకు పంపేశారు. అతని స్థానంలో వచ్చినవాడు కాపువాలో చదువుకున్న చురుకైన మనిషి. ఫౌస్తస్ బండి దగ్గరకొచ్చి, "ఎందుకురా చెప్పావ్, మూర్ఖుడా?" అన్నాడు. నికెఫోర్ బండి లోపలికి జరిగి కూర్చున్నాడు.

తోటలో పద్నాలుగు మంది పనివాళ్లు. ఒక్కరోజులో అందరి పేర్లూ వచ్చేశాయి. ఆ తర్వాత నేర్చుకోవడానికి ఏమీ లేకపోయింది. ఆలివ్ కాయలు ఏరేవాడు, కంచెలు కట్టేవాడు. అరచేతులు మెత్తనివి కావడంతో మొదటి నెలంతా రక్తం కారేది. మాట్లాడితే ఒక్కరికే వినపడేంత మెల్లగా మాట్లాడేవాడు. ఎన్నిసార్లు గట్టిగా చెప్పమన్నా అతనికి రాలేదు. కొన్నాళ్లకు వాళ్లే అడగడం మానేశారు. పట్నం పొగరు అనుకున్నారు.

చలికాలం మధ్యలో ఒక మధ్యాహ్నం, గానుగ దగ్గర పని చేస్తుంటే, బురద దారిన కాలు ఈడుస్తూ ఒక మనిషి రావడం కనిపించింది. రోమ్ నుంచి నాలుగు రోజులు నడిచాడు ముసలాయన. నికెఫోర్ తోట పెత్తందారు కాళ్లావేళ్లా పడి ఒక పూట సెలవు అడిగాడు. గడ్డి కొట్టంలో ఇద్దరూ కూర్చున్నారు. వేడి గంజి ముసలాయన చేతుల్లో పెడితే చాలాసేపు తాగకుండా గిన్నె పట్టుకునే కూర్చున్నాడు.

"దొర పోయారు. వీలునామా తెరిచేటప్పుడు మా ఏడుగుర్నీ పిలిచారు. ఎవరి ముద్ర వాళ్లు గుర్తుపట్టాం. ఆయన కొడుకు మాత్రం పొద్దున్నే ఎవర్నీ రానివ్వడం లేదు. తలుపు తీయరు."

"మరి మీరు?"

"సోరా పోతున్నాను. మా చెల్లెలి కొడుకున్నాడు, మేకలున్నాయి. ముందు నీకొక మాట చెప్పి పోదామని ఇటొచ్చాను." గంజి గిన్నె కింద పెట్టాడు. "ఆ రోజు నేను నోరు విప్పాల్సింది. నీ మాట విని ఊరుకున్నానని కాదు. దొర నా పేరు పెట్టి పిలిచేసరికి, తమ్ముడూ, నాకు ఇంకేమీ గుర్తులేదు. నువ్వు అక్కడున్నావన్నది కూడా గుర్తులేదు. మెట్లు దిగి సగం దూరం పోయాక గుర్తొచ్చింది. వెనక్కి రావాలంటే భయమేసింది."

"నాకు తెలుసయ్యా," అన్నాడు నికెఫోర్. "మీ ముఖం చూశాను."

"కోపం రాలేదా?"

నికెఫోర్ ఆలోచించాడు. "బండిలో కూర్చున్నాక వచ్చింది," అన్నాడు. "రెయాటె వచ్చేదాకా ఉంది. తర్వాత కంచె పని చెప్పారు."

ముసలాయన తలూపాడు. చీకటి పడ్డాక ఇద్దరూ గడ్డిలోనే పడుకున్నారు. మనిషి పక్కన మనిషి ఊపిరి వింటూ పడుకోవడం నికెఫోర్‌కి అలవాటు లేదు. తెల్లవారుజాము దాకా మెలకువగానే ఉన్నాడు. ఇంకొక్క రోజు ఉండమని అడగాలనుకున్నాడు. పొద్దున లేచేసరికి వాన తగ్గింది, ముసలాయన అప్పటికే చెప్పులు కట్టుకుంటున్నాడు. అడగలేదు.

నికెఫోర్ తోట సరిహద్దు రాయి దాకా వెళ్లి ఆగిపోయాడు. అది దాటడానికి అతనికి అనుమతి లేదు. ముసలాయన అతని భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, దారి పట్టాడు. వంపు తిరిగేదాకా కాలు ఈడ్చిన గీత బురదలో కనిపిస్తూనే ఉంది.

నికెఫోర్ ఆ తర్వాత ఆరేళ్లు అక్కడే బతికాడు. ముసలాయన సోరా చేరాడో లేదో అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ ప్రాంతం నుంచి బండివాళ్లు అరుదుగా వచ్చేవారు. వచ్చినప్పుడు మొదట్లో అడిగేవాడు, బొంతలు కుట్టే నుమేరియస్ కుర్తీలియస్‌ని ఎరుగుదువా అని. గొంతు మెల్లగా రావడంతో వాళ్లకు సరిగా వినపడేది కాదు. ఎద్దులకు నీళ్లు తాగించారా అని అడుగుతున్నాడనుకుని, తాగించామని చెప్పి వెళ్లిపోయేవారు.